ఐదింటికి పోయే నెట్టు

మా అత్త నెరేయిదా ఇంటికి నేను ప్రేమకొద్దీ రాలేదు, నెట్టు కోసం వచ్చాను. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు, మా ఊరు కయిబారియెన్‌లో మా వీధి వీధంతటికీ తెలుసు. తీగ మీద వచ్చే నెట్టు కావాలంటే ముందు ఇంట్లో ఫోనుండాలి. మా వరసలో ఫోనున్న ఇల్లు అత్తది ఒక్కటే. అత్త మొగుడు, మా మేనమామ రొలాండో ఓడరేవులో బస్తాలు దించే రోజుల్లో, మంచి పనివాడని యూనియన్ మీటింగులో అందరూ చేతులెత్తి ఆయనకి ఆ ఫోను ఇప్పించారు. ఆ ఏడు ఒకాయనకి ఫ్రిజ్ వచ్చింది, ఇంకొకాయనకి సముద్రపు ఒడ్డున వారం సెలవు వచ్చింది, మా మామయ్యకి ఫోను వచ్చింది.

"ఫ్రిజ్ ఇచ్చుంటే చల్లటి నీళ్లన్నా తాగేదాన్ని. ఫోనిచ్చి నన్ను వీధికంతా నౌకర్ని చేశారు," అని అత్త ఇప్పటికీ సణుగుతుంది.

నౌకరీ మాట నిజమే. ఎవరికి కబురొచ్చినా అత్త వరండాలోకి వచ్చి కేక పెట్టాల్సిందే. ఎదురింటి చుచా చెల్లెలు ఫోన్ చేసినా, మూలింటివాళ్ల అబ్బాయి పరీక్ష తప్పినా, ముందు తెలిసేది అత్తకే. విన్నది మాత్రం కడుపులోనే దాచుకునేది. అందుకే మా వీధిలో అందరూ అందరితోనూ కొట్లాడుకున్నారు గానీ, అత్తతో ఎవరికీ పేచీ రాలేదు. సెల్‌ఫోన్లొచ్చాక ఆ కేకలు ఆగిపోయాయి. ఆవిడ పండగ ఊరేగింపులకి బట్టలు కుట్టే మనిషి. పూసలు, ఈకలు, జరీ ముక్కలు ముందేసుకుని కూర్చుంటే పొద్దు పోతుంది. ఒక్క సాయంత్రం ఐదు గంటలకి తప్ప. ఐదైతే చాలు, ఆవిడ సూది పక్కన పెట్టేసి ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

నా పని ఫొటోలు దిద్దడం. పదిహేనేళ్లు నిండిన ఆడపిల్లలు మహారాణుల్లా గౌన్లేసుకుని దిగే ఫొటోలు. మొటిమలు తీసేస్తాను, నూనూగు మీసం చెరిపేస్తాను, అత్త కుట్టిన గౌను మీద జరీ ఇంకాస్త మెరిపిస్తాను, వెనకాల మా మురికి గోడ తీసేసి నీలం సముద్రం పెడతాను. అవన్నీ చీకటి పడేలోగా సాంతా క్లారా పట్నంలో అచ్చువేసే ఆయనకి పంపాలి. రాత్రికి అచ్చు పడకపోతే తెల్లారి ఆ పిల్ల తల్లి నా పీక పట్టుకుంటుంది. సరిగ్గా నేను పంపే వేళకే, ఐదింటికి, నెట్టు పోయేది.

పోవడమంటే పూర్తిగా పోవడం కాదు. పూర్తిగా పోతే తిట్టేసి ఊరుకోవచ్చు. మోడెం మీద నెట్టు దీపం ఆరిపోతుంది, కాసేపు మిణుకు మిణుకుమంటుంది, మళ్లీ వెలుగుతుంది. వెలిగాక మాత్రం నత్తనడక. పొద్దున చిటికెలో వెళ్లిన ఫొటో అప్పుడు పది శాతం దగ్గర కూలబడి కదలదు. మోడెం ఆపి మళ్లీ వేస్తే ఒక్కోసారి బాగుపడుతుంది, ఒక్కోసారి ఇంకా పాడవుతుంది. సాంతా క్లారా ఆయన ఫోన్ చేసి, "అమ్మాయ్ యుసిమీ, మీ నెట్టు గాడిద బండి మీద వస్తోందా?" అనేవాడు. గాడిదైతే ఈపాటికి చేరుండేదని నేనూ అనేదాన్ని.

నేను చెయ్యని వైద్యం లేదు. గాల్లో వచ్చే వైఫై మాని, కంప్యూటర్‌కి మోడెం నుంచి నేరుగా తీగ పెట్టాను. ఆ తీగ మార్చాను, గుచ్చే కన్నం మార్చాను. మా ఊరి ఉప్పుగాలికి రాగి కొసలు పచ్చబడితే వెనిగర్‌తో తోమాను. ఐదింటికి ఫ్రిజ్ ఆపాను, ఫ్యాను ఆపాను, చివరికి అత్త రేడియో కూడా ఆపించి తిట్లు తిన్నాను. అయినా ఐదయ్యేసరికి దీపం ఆరడం ఆగలేదు.

ఇక ఫోనాఫీసు ఒస్మానీని పిలిచాను. సైకిల్ మీద, భుజానికి సంచీతో వస్తాడు. వచ్చీ రాగానే కాఫీ అడుగుతాడు, కాఫీ తాగాక గానీ మోడెం వైపు చూడడు. చెడ్డవాడు కాదు. స్తంభం నుంచి ఇంటిదాకా తీగ మార్చాడు. వీధి మూల పెట్టె తెరిచి అందులో గూడు కట్టిన కందిరీగల చేత కుట్టించుకున్నాడు. మోడెం కూడా మార్చాడు. వచ్చిన ప్రతిసారీ వాచిన చెవి తడుముకుంటూ ఒకటే ప్రశ్న వేసేవాడు.

"ఈ లైను మీద ఇంకో ఫోనేమైనా ఉందా పెద్దమ్మా? ఎక్స్‌టెన్షను లాంటిది? ఉంటే చెప్పెయ్యండి, దానికీ ఫిల్టరు పెట్టాలి. ఈ చిన్న డబ్బీ లేకుండా ఎవరైనా రిసీవర్ ఎత్తారంటే నెట్టు గోవిందా."

"ఒక్కటంటే ఒక్కటే ఫోను నాయనా. కరిదాద్ మాత మీద ఒట్టు," అని అత్త గోడ మీద మాత పటం వైపు చెయ్యి చాచేది.

ఆ పటం వెనకాలే గోడలో కన్నం ఉంది. ఆ కన్నంలోంచే పక్కింటికి ఎక్స్‌టెన్షను వెళ్లింది. భుజాన సంచీ తగిలించుకుని వచ్చినవాడికి నిజం చెప్పడం మా వీధిలో ఎవరికీ అలవాటు లేదు. చెప్పకుండా లాగిన తీగ బయటపడితే ఫోనే పీక్కుపోతారని ఆ రోజుల నుంచీ భయం. ఒస్మానీ ఇంట్లో మాత్రం వాళ్ల అత్తగారికి ఎక్స్‌టెన్షను లేదా ఏంటి, ఉంది. అందుకే వాడూ గుచ్చి గుచ్చి అడిగేవాడు కాదు. పైగా ఆ తీగ ఎప్పుడో చచ్చిపోయిందని అత్తకీ నాకూ నమ్మకం. లేని ఫోను గురించి అబద్ధమాడితే తప్పేముందనుకున్నాం.

ఆ తీగ సంగతి చెప్పాలంటే ఎవేలియో సంగతి చెప్పాలి.

ఎవేలియోది గోడకవతల ఇల్లు. వయసులో ఉన్నప్పుడు సముద్రంలో మునిగి స్పాంజీలు కోసుకొచ్చేవాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. ఆయన భార్య మిగ్దాలియా పక్షవాతంతో మంచాన పడ్డాక, ఆయన డాక్టరు కోసం వేళాపాళా లేకుండా పరిగెత్తడం చూడలేక మామయ్యే గోడకి కన్నం పెట్టి ఆ ఇంటికి తీగ లాగాడు. పాత ఫోనొకటి తగిలించి ఇచ్చాడు. రెండిళ్లకీ ఒకటే నంబరు. కొన్నేళ్లకి మామయ్య పోయాడు.

ఒక సాయంత్రం ఐదింటికి, చుచా చెల్లెలికి ఫోన్ కలుపుదామని అత్త రిసీవర్ ఎత్తేసరికి, అవతల ఎవేలియో కూడా అప్పుడే ఎత్తాడట.

"క్షమించండి, పెట్టేస్తున్నాను," అన్నాడట ఆయన.

"పర్లేదు లెండి. మిగ్దాలియాకి ఎలా ఉంది?" అని అత్త అడిగింది. అంతే. మర్నాడు ఐదింటికి ఇద్దరూ మళ్లీ ఎత్తారు. ఆ మర్నాడూ ఎత్తారు. ఎత్తగానే లైన్లో వచ్చే గుయ్‌మనే మోత పోవాలంటే ఏదో ఒక అంకె నొక్కాలి. ఆయన నొక్కేవాడు. తర్వాత ఆ లైను వాళ్లిద్దరిదే.

ఏం మాట్లాడుకునేవారంటే, పెద్ద రహస్యాలేం కావు. చేపల పులుసులో నిమ్మకాయ ముందు పిండాలా తర్వాత పిండాలా. రేడియో నాటకంలో ఆ డాక్టరు పెళ్లి చేసుకుంటాడా లేదా. ఈసారి పండక్కి అత్త ఎవరికి ఏ రంగు ఈకలు కుడుతోంది. ఆయన నీళ్లడుగున చూసినవన్నీ చెప్పేవాడట. వీధిలో నలుగురి ముందూ అంత తక్కువ మాట్లాడే మనిషి ఫోన్లో ఆపకుండా చెప్పేవాడని అత్త అంటే నేను నమ్మలేదు. వీధిలో ఎదురుపడితే మాత్రం "బాగున్నారా" అంటే "బాగున్నాను" అనుకుని చెరో పక్కకీ పోయేవారు. మంచాన ఉన్న మనిషి ఉంది కదా. తప్పు మాట ఒక్కటి కూడా అనుకోలేదు. అనుకునుంటేనే బాగుండేదని నా అభిప్రాయం.

మిగ్దాలియా పోయింది. ఏడాది సంతాపం అయ్యాక, ఒక సాయంత్రం ఎవేలియో ఫోన్లో గొంతు సవరించుకుని, "నెరేయిదా, ఆదివారం నేను మీ ఇంటికి ముందు గుమ్మంలోంచి వస్తాను. పూలు పట్టుకుని," అన్నాడు.

అత్త నవ్వింది.

"సంతోషంతోనే నవ్వానే పిల్లా," అని నాతో ఎన్నిసార్లు చెప్పుకుందో. "సంతోషం, భయం, రెండూ కలిసి నవ్వొచ్చేసింది. నవ్వాక ఊరుకోవచ్చుగా? 'ఈ వయసులో పూలేంటి ఎవేలియో, చుచా కంట్లో పడితే ఊరంతా టముకేస్తుంది' అన్నాను. ఆయన 'నిజమే' అన్నారు. ఫోన్ పెట్టేశారు. అంతే."

ఆదివారం ఆయన రాలేదు. సామాను సర్దుకుని సాగువా ఊళ్లో చెల్లెలింటికి వెళ్లిపోయాడు. అత్త రోజూ ఐదింటికి ఫోనెత్తి చూసింది. గుయ్‌మనే మోత తప్ప మనిషి లేడు. కొన్నాళ్లకి ఎత్తడం మానేసింది. ఫోన్ మీద అల్లిక గుడ్డ కప్పేసింది. తర్వాతెప్పుడో ఆయన తిరిగొచ్చాడు. వీధిలో మళ్లీ అదే "బాగున్నారా", అదే "బాగున్నాను". నేను ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికి పరిస్థితి అది.

ఐదింటికి అత్త ఫోన్ దగ్గరికి వెళ్తుంది. గుడ్డ మీద చెయ్యి వేస్తుంది. ఎత్తదు. వంటింట్లోకి పోయి కాఫీ పెట్టుకుంటుంది, తాగదు. మళ్లీ వచ్చి గుడ్డ సర్దుతుంది. నాకు ఒళ్లు మండి ఒకసారి అనేశాను.

"అంత ప్రాణం లాగేస్తుంటే ఎత్తొచ్చుగా అత్తా? నిన్నెవరు వద్దన్నారు?"

"ఎత్తితే ఆ మోత వినాలి. అది వినలేనే. ఎత్తకపోతే, ఉన్నారేమో అని ఓ మూల అనుకోవచ్చు," అంది. ఆ తర్వాత నేను మళ్లీ అడగలేదు. ఆవిడకి ఆ మనిషి కావాలి. ఆ గొంతు కావాలి. నేను నెట్టు కోసం ఏడుస్తుంటే ఆవిడ దాని కోసం ఏడ్చేది, శబ్దం రాకుండా.

ఇంతలో ఒస్మానీ చేతులెత్తేశాడు. "ఇక నా వల్ల కాదమ్మాయ్. లోపల గోడలో ఎక్కడో పాత తీగ తడుస్తున్నట్టుంది. పనికిరాని తీగలుంటే పీకి పారెయ్," అని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

పనికిరాని తీగ అంటే ఇంట్లో అదొక్కటే. అత్తని అడిగాను. ఆవిడ మాత పటం వైపు చూసింది.

"తెంపెయ్. ఇంకెందుకది," అంది.

తెంపేది ఏదో ఐదింటికే తెంపితే తేడా అప్పటికప్పుడే తెలుస్తుందని నా లెక్క. అత్తని మోడెం ముందు కూర్చోబెట్టి, దీపం ఆరితే కేకెయ్యమన్నాను. పెరట్లో నిచ్చెన వేసుకుని, పట్టకారు నడుముకి దోపుకుని గోడెక్కాను. తీగ కన్నంలోంచి వచ్చి, గోడ పొడుగునా పాకి, అవతలి పెరట్లోకి దిగింది. పైన పెంకుల కింద నల్లగా, దుమ్ముకొట్టుకుని ఉంది. పట్టకారు నోట్లో తీగ పెట్టాను. నొక్కబోతూ, అవతల ఎవరన్నా చూస్తున్నారేమోనని తొంగి చూశాను.

ఎవేలియో పెరటి తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకుని, తల తడిపి దువ్వుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. పెళ్లికెళ్లే మనిషిలా ఉన్నాడు. ఒళ్లో ఆ పాత ఫోనుంది. చేతి గడియారం చూసుకుని రిసీవర్ ఎత్తాడు. వేలితో ఒక అంకె నొక్కాడు. చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"పోయింది!" లోపల్నించి అత్త కేకేసింది. "యుసిమీ, పోయిందే! ఆరిపోయింది!"

ఆ కేక గోడ దాటి వెళ్లింది. ఎవేలియో కళ్లు తెరిచి గోడ వైపు చూశాడు. ఆవిడ గొంతు విని ఆయన ముఖంలో కాస్త నవ్వు వచ్చింది. ఆ కేక ఎందుకో ఆయనకేం తెలుసు? ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఊరికే వింటున్నాడు. కాసేపటికి రిసీవర్ జాగ్రత్తగా కింద పెట్టి, ఫోను పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. లోపల అత్త మళ్లీ కేకేసింది, మిణుకుమంటోందని, వస్తోందని.

నా చేతిలోంచి పట్టకారు జారి మా పెరట్లో పడింది. గబగబా నిచ్చెన దిగి లోపలికి పరిగెత్తాను.

చెబితే అత్త నమ్మలేదు. ముఖం తెల్లగా పాలిపోయింది గానీ మాట మాత్రం మొండిగానే అంది.

"అద్దం చూసుకుంటున్నారేమో. నీకు దూరం చూపు ఆనదు."

"అద్దంలో అంకెలు నొక్కుతారా అత్తా? రోజూ నా నెట్టు పోయేది ఆయన వల్లే. ఆయన ఎత్తుతున్నాడు, నువ్వు ఎత్తడం లేదు. అంతే తేడా!"

మర్నాడు నన్ను మోడెం ముందు కూర్చోబెట్టి, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి తనే నిచ్చెనెక్కింది. కింద పడి నడుం విరగ్గొట్టుకుంటుందని నాకు భయం. దీపం ఆరింది. నేను కేకెయ్యలేదు. అత్త చాలాసేపటిదాకా దిగి రాలేదు. దిగొచ్చాక కుర్చీలో కూలబడి చెయ్యి నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"చొక్కా మెడ అరిగిపోయిందే," అంది చివరికి. "తిప్పి కుట్టాలి."

నేను సంబరపడిపోయాను. రెండు సమస్యలూ ఒక్క దెబ్బతో తీరిపోయాయనుకున్నాను. "ఒస్మానీని అడిగి ఇంకో ఫిల్టరు తెస్తాను. ఆ తీగకి ఇటువైపే తగిలిస్తే సరి. ఆయన ఎంతసేపు ఎత్తుకున్నా నా నెట్టుకి ఢోకా ఉండదు. నువ్వూ ఎత్తి హాయిగా మాట్లాడుకో," అన్నాను.

"వద్దు," అంది అత్త.

"ఎందుకు వద్దు?"

"దీపం ఆరకపోతే, ఆయన ఎత్తారని నాకెలా తెలుస్తుంది?"

 నాకు కోపం ముంచుకొచ్చింది. "అయితే నువ్వు ఫోనెత్తు! ఎత్తితే తెలుస్తుంది!" అని అరిచాను. "ఎత్తుతానే, రేపు," అంది.

ఆ రేపు రోజూ వచ్చేది, రోజూ వెళ్లేది. ఇన్నాళ్ల తర్వాత ఎత్తి మొదటి మాట ఏమనాలో ఆవిడకి తేలడం లేదు. "బాగున్నారా" అంటే మరీ వీధిలో పలకరింపులా ఉంటుందట. "క్షమించండి" అంటే దేనికని అడుగుతారట. అద్దం ముందు నిలబడి గొంతు సరిచేసుకునేది. జుట్టుకి రంగేసుకుంది. ఊరేగింపు బట్టల్లో మిగిలిన నీలం గుడ్డతో తనకో గౌను కుట్టుకుంది. "ఫోన్లో కనపడదు అత్తా," అంటే, "నోర్ముయ్," అంది. ఐదింటికి మోడెం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. దీపం ఆరగానే, "వచ్చారు," అనేది మెల్లగా. మళ్లీ వెలిగేదాకా అలాగే చూస్తూ ఉండేది. కరెంటు లేని రోజు మోడెమే వెలగదు కదా, ఆ రోజు ఆవిడ ముఖం చూడలేకపోయేదాన్ని. నా ఫొటోలు మాత్రం పది శాతం దగ్గరే మూలుగుతుండేవి. ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను గానీ, ఊరికే ఊరుకోలేదు. రోజూ దెప్పేదాన్ని.

"ఆయన అక్కడ చెవి అరిగేలా వింటున్నాడు, నువ్విక్కడ దీపం చూసుకుని మురుస్తున్నావు. ఇదేం ప్రేమే తల్లీ, మధ్యలో నా పొట్ట కొట్టి!"

"రేపు ఖాయం. గౌనుకి బొత్తాలు కుట్టడం ఒక్కటే మిగిలింది," అనేది.

బొత్తాలు కుట్టిన మర్నాడు శుక్రవారం. జుట్టుకి రోలర్లు చుట్టుకుంది. ఐదు కాకముందే కాఫీ పెట్టుకుని తాగేసింది. మోడెం ముందు కూర్చుని, "ఇవాళ ఆరగానే ఎత్తేస్తాను. నువ్వు వంటింట్లోకి పో," అంది. నేను పోలేదు. నా దగ్గర ఒక పిల్ల ఆల్బమంతా ఉంది, పంపడం మొదలుపెట్టాను. పది శాతం దాటింది. ఇరవై దాటింది. ఇంకాసేపట్లో సగం వెళ్లిపోయింది.

"అత్తా, పరిగెడుతోంది!" అని అరిచాను ఆనందం పట్టలేక. "నెట్టు చూడు, గుర్రంలా పరిగెడుతోంది!"

అత్త నా వైపు చూడలేదు. దీపం వైపే చూస్తోంది. అది పచ్చగా, నిలకడగా వెలుగుతోంది. ఐదు దాటినా ఆయన ఎత్తలేదని అప్పుడు గానీ నాకు తట్టలేదు.

"గడియారం ముందుందేమో," అంది అత్త. లేచి రేడియో పెట్టింది. అందులో వాడు ఐదు దాటిందనే చెప్పాడు. రేడియో కట్టేసి మళ్లీ దీపం చూసింది. నా ఆల్బం మొత్తం వెళ్లిపోయింది. ఇన్నాళ్లలో ఆ వేళకి అలా వెళ్లడం అదే మొదటిసారి.

అత్త రోలర్లతోనే, ఇంటి చెప్పులతోనే, వీధి తలుపు తీసుకుని బయటికి నడిచింది. నేను వెనకాల పడ్డాను. మా వీధంతా ఆ వేళకి వరండాల్లో ఊగే కుర్చీల్లో ఉంటుంది. చుచా ఊగడం ఆపేసింది.

"ఏంటి నెరేయిదా, ఆ అవతారం! ఎక్కడికే?"

"ఎవేలియో ఇంటికి," అంది అత్త, వీధి ఆ చివరిదాకా వినపడేలా. ఆగలేదు.

తలుపు దగ్గరికి వేసుంది, తోస్తే తెరుచుకుంది. ముందుగదిలో ఎవరూ లేరు. కుర్చీ మీద ఇస్త్రీ చేసిన చొక్కా పరిచి ఉంది. పెరట్లో నీళ్ల తొట్టి పక్కన, తడి గచ్చు మీద ఎవేలియో వెల్లకిలా పడి ఉన్నాడు. ఒంటి మీద బనీను. సగం గడ్డం గీసి ఉంది, మిగతా సగం మీద సబ్బు ఎండిపోయి తెల్లగా పొరకట్టింది. ఐదింటికి తయారవుతూ జారాడు. కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. ఎంతసేపట్నుంచి అలా పడున్నాడో, పెదాలు ఎండిపోయాయి గానీ తెలివిలోనే ఉన్నాడు. అత్తని చూసి, మొదట చేత్తో సబ్బున్న చెంప దాచుకోబోయాడు.

నేను వీధి గుమ్మంలోకి పరిగెత్తి చుచాకి కేకేసి వచ్చాను, మూలింటివాళ్ల ట్రక్కు పిలవమని. అత్త తడిలోనే కింద కూర్చుని ఆయన తల ఒళ్లోకి తీసుకుంది. గౌను అంచు తొట్టిలో ముంచి ఆయన పెదాలు తడిపింది, చెంప మీది సబ్బు తుడిచింది. ఆయన ఆవిడ ముఖంలోకి చూస్తూ ఏదో అడగాలని తంటాలు పడ్డాడు.

"టైమెంతయింది?"

"ఐదు దాటింది," అంది అత్త.

ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు.

"మీరు... ఇవాళ ఫోనెత్తారా?"

నేను వెనకాలే నిలబడి ఉన్నాను. ఫోన్ మీద అల్లిక గుడ్డ పొద్దుటి నుంచీ కదల్లేదని నాకు తెలుసు. అత్త నా వైపు తిరగలేదు.

"ఎత్తాను," అంది. "మీరు లేరు. అందుకే వచ్చాను."

"చూశారా నా రాత," అన్నాడు ఎవేలియో. అంత నొప్పిలోనూ ఆయనకి నవ్వొచ్చింది. "ఇన్నేళ్లూ రోజూ ఉన్నాను. లేనిది ఇవాళ ఒక్కరోజే."

అత్త ఆయన మీదికి వంగిపోయి బావురుమని ఏడ్చింది. ఆవిడ అలా గొంతెత్తి ఏడవడం నేనెప్పుడూ వినలేదు. ఎవేలియో కంగారుపడిపోయి, చెయ్యి అతికష్టం మీద పైకెత్తి, ఆవిడ భుజం మీద తట్టాడు.

"ఏడవకండి నెరేయిదా," అన్నాడు. "కాలే కదా. అతుక్కుంటుంది."